ప్రశ్న – జవాబు: బీఎస్సీకి స్కాలర్‌షిప్ రాదా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 958 వచ్చాయి. బీఎస్సీ మేథ్స్ చదువుతానంటోంది. నేను జీడి పరిశ్రమలో పనికెళ్తాను. ఇంజినీరింగ్ అయితేనే డబ్బులొస్తాయని చుట్టాలంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, పలాస

జవాబు: కాదమ్మా. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కైతే ఇంజినీరింగ్ పిల్లలు అర్హులే కారు. అది మౌలిక సైన్సులు, గణితం చదివేవాళ్లకే. ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 20,000 వేసవి పరిశోధనకు. కాకపోతే బోర్డులో మొదటి ఒక శాతంలో ఉండాలి.

మీకు దగ్గరి దారి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోని సీఎస్‌ఎస్‌ఎస్, అంటే కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000, పీజీలో 20,000. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించకూడదు. సగం ఆడపిల్లలకే. దీనికి 80 దాటాలంటారు, ఆ 80 మార్కుల శాతం కాదు, పర్సంటైల్. సైన్స్ పిల్లల్లో నూటికి ఎనభైమందిని దాటి ఉండాలి. మన దగ్గర మార్కులు దండిగా పడతాయి కాబట్టి, 958 మంచి మార్కే అయినా బోర్డు కటాఫ్ చూసుకోండి.

ఇంకో మెలిక: రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే సీఎస్‌ఎస్‌ఎస్ రాదు. కాలేజీ ఫీజు ఎంతో కనుక్కుని, 12,000తో పోల్చి చూసి, ఒకటి ఎంచుకోండి.

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. మెమో చూపించి ఆధార్ సరిచేయించండి. పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, తొందరపడొద్దు. తర్వాత బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చేశామనుకుంటే చాలదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో ఆ ఖాతాకే సీడింగ్ (ఆధార్ అనుసంధానం) అయి ఉండాలి. ఎప్పుడో మరో బ్యాంకులో సీడింగ్ చేయించి ఉంటే డబ్బు అక్కడికి పోతుంది. ఆధార్ వెబ్‌సైట్లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి.

దరఖాస్తు పంపాక కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ అధికారి ఆన్‌లైన్‌లో ఆమోదించాలి. గడువులోగా ఆయన చేయకపోతే అది అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ప్రింటు, పత్రాలు పట్టుకుని స్వయంగా కలవండి. ఏటా రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి.

ప్రశ్న: బీఎస్సీ మేథ్స్ రెండో సంవత్సరం. సెలవుల్లో ఖర్చు లేకుండా గణితం నేర్పేవాళ్లున్నారా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: ఎంటీటీఎస్ (మేథమేటిక్స్ ట్రెయినింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అనే గణిత శిబిరం ఉంది. 1993 నుంచి నడుస్తోంది. వేసవిలో సుమారు నాలుగు వారాలు, తిండి, బస ఉచితం, స్లీపర్ రైలు చార్జీ ఇస్తారు. అక్కడ నోట్సు చెప్పరు, ప్రశ్నలడిగి మీచేతే రుజువులు రాయిస్తారు. ఎప్సెట్ షార్ట్‌కట్లకు అలవాటైనవాళ్లకి మొదటివారం కష్టంగానే ఉంటుంది. మీ లెక్చరర్ సిఫార్సు లేఖ కావాలి, ముందే అడిగి పెట్టుకోండి.