ద్రోణి బలహీనపడింది... కుంజరః

"వాతావరణ సూచనల మీద మీ ఊళ్ళో ఏమేం చమత్కారాలు చెప్పుకుంటారు? నిజంగా అవి అంత నమ్మలేనివా?" అని అడిగారు. మా తిరుపతిలో వానకు కరువు రావచ్చేమో గానీ చమత్కారాలకు రాదు. పైగా షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే పని నాది. సూచన తప్పితే మామూలు మనిషికి చేతిలో గొడుగు బరువు, అంతే. మాకైతే రాత్రికి రాత్రి టార్పాలిన్ పట్టలు వెతుక్కునే టెన్షన్.

అదీగాక మా సీజనే అలాంటిది. మా వైపు గట్టి వానలు, తుపాన్లు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకం, మార్గశిరం ముహూర్తాలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. బంగాళాఖాతంలో ఏ మూల మబ్బు కదిలినా మా షాపులో ఫోన్ మోగుతుంది. "అన్నా, వాన వస్తాదంట కదా, పైన పట్ట కూడా వేస్తారా? దానికి వేరే డబ్బులా?"

మా షాపు పక్కన టీ కొట్టు ఉంది. రిటైరైన తెలుగు పండితులొకరు పొద్దున్నే అక్కడికొచ్చి పేపరు చదువుతారు. మేమంతా ఆయన్ని అయ్యవారు అంటాం. ఈ చమత్కారాల్లో సగం ఆయనవే. వాటిలో మా బజారంతా పాకినది ఒకటుంది.

ఒకరోజు పేపర్లో ఎప్పటి వాక్యమే వచ్చింది: "ఉపరితల ద్రోణి ప్రభావంతో రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." అయ్యవారు కళ్ళజోడు తీసి, "ద్రోణి పేరు వినపడిందంటే ధర్మరాజు కూడా దగ్గర్లోనే ఉంటాడు నాయనా" అన్నారు. మాకు అర్థం కాలేదు. పేపర్లో ద్రోణి అంటే గాలి పీడనం తక్కువున్న పొడవాటి పట్టీ, భారతంలో ద్రౌణి అంటే ద్రోణుడి కొడుకు అశ్వత్థామ. అప్పుడు యుద్ధం పదిహేనో రోజు కథ చెప్పారు. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపడం, ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని "కుంజరః" అని గొంతు తగ్గించడం, కొడుకే పోయాడనుకుని ద్రోణుడు ఆయుధం కింద పెట్టడం అందరికీ తెలిసిందే. "టీవీలో అమ్మాయి 'వర్షాలు' అన్న మాట ఎంత గట్టిగా అంటుందో, 'ఒకటి రెండు చోట్ల' అన్నది ఎంత వేగంగా మింగేస్తుందో ఈసారి గమనించండి. అబద్ధం ఆడలేదు. ఏనుగు ఎక్కడో పడే ఉంటుంది" అన్నారు.

ఆ రోజు నుంచి తప్పించుకునే సందుతో ఎవరు మాట్లాడినా మా కొట్టు దగ్గర ఒకటే జవాబు. కుర్చీలు పంపే ఆయన ఫోన్ చేసి "పొద్దున్నే ఆరింటికల్లా పంపిస్తా అన్నా, ఆటో దొరికితే" అంటాడు. ఇటు నలుగురూ ఒకేసారి, "కుంజరః!" చీటీ డబ్బులు సోమవారం ఇస్తానని, "బ్యాంకు తీసుంటే" అని నసిగినవాడికీ అదే. పలమనేరు నుంచి పనికొచ్చిన కుర్రాడొకడు ఇదంతా విని, "అయ్యవారూ, మా పక్క కుంజరం అంటే చెరుకు తోటలో పడేది, దాన్ని మెల్లిగా అంటే పోదు, డప్పులు కొట్టాల" అన్నాడు. ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి పక్కన పుట్టినవాడికి భారతం వేరేగా అర్థమవుతుంది మరి.

నవ్వు పక్కన పెడితే ఆ 'ఒకటి రెండు చోట్ల'కు నిజంగానే లెక్క ఉంది. వాతావరణ శాఖ పరిభాషలో, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే దాన్ని ఒకటి రెండు చోట్ల అంటారు. అంటే మిగతా మూడొంతుల మంది ఆకాశం చూసి తిట్టుకున్నా సూచన తప్పినట్టు కాదు. పైగా 2022 ఏప్రిల్ 4 నుంచి మాది కొత్త జిల్లా. అంతకుముందు చిత్తూరు జిల్లాలో ఉన్నప్పుడు మాకు సముద్రం లేదు. నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపంతా కలిశాక తీరం కూడా వచ్చింది. ఇప్పుడు "తిరుపతి జిల్లాలో భారీ వర్షం" అన్నది శ్రీహరికోట దగ్గర సముద్రం ఒడ్డున కురిసినా నిజమే. మా అలిపిరిలో దుమ్ము లేస్తూ ఉంటుంది, పుణె నుంచి బంధువులు ఫోన్ చేసి "మునిగిపోయారా?" అని అడుగుతారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పేరుకు అల్పపీడనం, పెళ్ళివాళ్ళకు అధికపీడనం. బంగాళాఖాతంలో ఎంత జమ ఉన్నా మన ఊరికి డ్రా చేసుకోనివ్వరు. నిన్నటి వార్తే ఇవాళా వస్తే అది ఉపరితల ఆవర్తనం. రుతుపవనాలు వచ్చాయంటారు గానీ పవనాలే వచ్చాయి, తడి రాలేదు. ఆకాశం ఉన్నంత కాలం అవకాశం ఉంటుంది. ఇవన్నీ టీ అయిపోయేలోపు అయిపోయే సరుకు.

వీటిలో నాకు బాగా నచ్చింది శాఖ మీద చెప్పింది. చెబుతున్న విషయం వదిలేసి కొమ్మ మీంచి కొమ్మకు దూకినట్టు ఇంకెక్కడికో పోవడాన్ని మనవాళ్ళు శాఖా చంక్రమణం అంటారు కదా. 2024 నవంబరులో ఫెంగల్ వచ్చినప్పుడు ముందు తుపానుగా మారుతుందన్నారు, తర్వాత మారకపోవచ్చన్నారు, 29న మారనే మారింది, 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. "శాఖ అన్నాక చంక్రమణం తప్పదు" అన్నారు అయ్యవారు. తిరుమల కొండ మీద శాఖామృగాలను, అంటే కోతులను, రోజూ చూసే ఊరు కాబట్టి ఆ మాట ఇక్కడ బాగానే పేలింది. అంతకుముందు ఏడాది, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు మయన్మార్ పెట్టిన పేరు ఇంకో తమాషా. కొన్ని పేపర్లు మిచౌంగ్ అని రాస్తే, కాదు మిగ్‌జాం అని పలకాలని మరికొన్ని రాశాయి. రాసింది ఒకటి, పలికేది ఒకటి. పేరులోనే ఇంత తేడా ఉంటే దారి సంగతి చెప్పాలా అని మా టీ కొట్టాయన బాధ.

అయ్యవారు ఒక ఆటవెలది కూడా కట్టారు. మా షాపులో రేట్ల పట్టిక కింద పెన్నుతో రాసి అతికించాం:

వాన వచ్చుననిన వడగాడ్పు వీచెను
ఎండ యనిన నాడె యేరు పొంగె
నమ్మి గొడుగు తెచ్చి నవ్వులపాలైతి
నమ్మకున్న నాడు నానిపోతి

నాలుగో పాదం చదివేటప్పుడు పెళ్ళివాళ్ళు తలెత్తి నా వైపు చూస్తారు. పట్టకు ఒప్పుకునేది చాలామంది అక్కడే.

మా ఇంట్లో అవ్వ ఉండేది. ఆమెకు టీవీ అక్కర్లేదు, మోకాళ్ళు చాలు. "ఈ రాత్రికి వస్తాది రా" అంటే మేం ఆరేసిన షామియానా గుడ్డలు లోపల వేసేవాళ్ళం. వాతావరణం కన్నా అవ్వ వాతమే నయం అనేవాడు మా నాన్న. ఆమె చెప్పింది తప్పిన రోజులూ ఉన్నాయి, కానీ ఇంట్లో ఎవరూ లెక్క రాయలేదు. పంచాంగానికీ ఇదే వెసులుబాటు. ఉగాది నాడు నవనాయకుల్లో మేఘాధిపతి ఎవరో చెబుతారు, ఇన్ని తూముల వాన అంటారు, అందులో సముద్రంలో ఇంత, కొండల మీద ఇంత, నేల మీద ఇంత అని వాటాలు కూడా వేస్తారు. సముద్రానిది సముద్రానికి, కొండలది స్వామికి పోగా మిగిలిందే మనకు. ఎక్కడ పడినా వాటాలోకే వస్తుంది. ఏడాది చివర పంచాంగం తీసి తూములు కొలిచి చూసినవాడిని నేనింతవరకూ చూడలేదు. ఫోన్‌లో ఆప్‌ను మాత్రం గంటకోసారి పట్టుకుని నిలదీస్తాం.

ఇక మీ రెండో ప్రశ్న, నిజంగా నమ్మలేనివా అని. ఏ వాన గురించి అడుగుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. తుపాను ఎటు వస్తుందో, ఏ రోజు తీరం చేరుతుందో ఇప్పుడు బాగానే చెబుతున్నారు. తేడా వచ్చేది అది ఎంత బలపడుతుంది, ఎవరి నెత్తిన ఎంత కురుస్తుంది అన్న దగ్గర. మే నెలలో, ఆగస్టులో సాయంత్రం పూట పుట్టే ఉరుముల వాన వేరే జాతి. పగలంతా కాగిన నేల మీంచి తేమ గాలి లేచి, శేషాచలం కొండలు దాన్ని ఇంకాస్త పైకి తోస్తే గంటా రెండు గంటల్లో మబ్బు తయారవుతుంది. అది కపిలతీర్థం దగ్గర కురిసి రేణిగుంట రోడ్డును పొడిగా వదిలేయవచ్చు. ఏ వీధి అన్నది పొద్దున్నే చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎందుకు కాదో మా అబ్బాయి చెప్పాడు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో వాతావరణం లెక్కలు రెండోసారి నడిపిస్తూ 0.506127 అని ఇవ్వాల్సిన చోట 0.506 అని ఇచ్చాడట. కొంతసేపు అంతా ఒకేలా నడిచి, ఆ తర్వాత రెండు లెక్కలకూ పోలికే లేకుండా పోయింది. ఇది విని అయ్యవారు "ద్రోణుణ్ణి పడగొట్టింది వినపడని ఒక్క మాట, ఇక్కడ రాయని మూడంకెలు" అన్నారు. ఆయన ఆ రోజు టీ డబ్బులు కూడా తానే ఇచ్చారు. ఎప్పుడూ ఇవ్వరు.

అన్నట్టు, పైనున్న గాలిని చదివే పెద్ద రాడార్ మా పక్కనే ఉంది. పాకాల వైపు గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అని, 1024 యాంటెన్నాలు పొలంలో నాటినట్టు వరసగా ఉంటాయి. అది పరిశోధన కోసం, రోజూ వాన సూచన చెప్పడం దాని పని కాదు. ఈ సంగతి ఎంత చెప్పినా మా పందిరి మేస్త్రీకి ఎక్కదు. "అంత పెట్టుకుని మనకొక్క మాట చెప్పరా సామీ" అని ఆయన గొడవ.

జోకులు ఆగిపోయిన వారం కూడా ఒకటుంది. 2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వానకు వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది. తర్వాత రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. ఆ వారమంతా టీ కొట్టులో కుంజరః అన్నవాడు లేడు. మా షామియానాలన్నీ తడిసి ముద్దయ్యాయి, గుడ్డల వాసన నెలాఖరు దాకా గోడౌన్లోంచి పోలేదు.

నేను చేసే పని చెబుతాను. ఎరుపు హెచ్చరిక ఉంటే మారుమాట లేకుండా పట్టలు వేస్తాం, లేదా కల్యాణమండపంలోకి మారమని చెబుతాం. పసుపు రంగైతే ఆ రోజు మధ్యాహ్నం నుంచి చెన్నై, శ్రీహరికోట రాడార్ బొమ్మలు చూస్తాను. రెండు మూడు గంటల ముందు చెప్పేది అయిదు రోజుల ముందు చెప్పినదానికన్నా ఎన్నో రెట్లు నయం. షామియానా గుడ్డ వాన ఆపదు, వాన పట్టి ఉంచుతుంది. నడిమధ్యలో నీళ్ళు నిలిచి బొజ్జలా కిందికి దిగుతుంది. వెదురు కట్టెతో కింది నుంచి మెల్లిగా ఎత్తి, మనుషులు లేని పక్కకు వంచాలి. ఆత్రంగా పొడిస్తే గుడ్డ చిరుగుతుంది, లేదా బిందెలకొద్దీ నీళ్ళు నేరుగా వియ్యంకుడి నెత్తిన పడతాయి. రెండూ చూశాను. రెండోది వీడియోలో కూడా ఉంది.

శాతాల సంగతి కూడా చెప్పాలి. నలభై శాతం అంటే ఇలాంటి రోజులు పది వస్తే నాలుగింట్లో వాన పడుతుందని. మేడ మీద రిసెప్షన్ పెట్టుకున్న ఒకాయన మొన్న ఆప్ చూపించి, "నలభై శాతమే కదా అన్నా వాన, పట్టకు నలభై శాతం డబ్బులే ఇస్తా" అని పట్టుబట్టాడు. వాన పడితే పట్టలో నలభై శాతమే విప్పుతానన్నాను. పూర్తి డబ్బులే ఇచ్చాడు.