కొట్టు నడిపిన మంత్రి

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకంలో ‘వూల్టన్ పై’ అని ఉంది. యుద్ధకాలపు మంత్రి పేరు మీద వంటకమట! ఎవరాయన? వ్యాపారస్తుడు మంత్రయితే జనానికి ఒరిగేదేమైనా ఉంటుందా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అసలు పేరు ఫ్రెడరిక్ మార్క్విస్ అమ్మా. 1883లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో పుట్టారు. లూయిస్ అనే పెద్ద దుకాణాల సంస్థకి ఛైర్మన్ అయ్యారు. 1940 ఏప్రిల్‌లో ఏ పార్టీకీ చెందకుండానే బ్రిటన్ ఆహార మంత్రి అయ్యారు.

మా నాన్నగారు రాజోలులో చౌక డిపో నడిపేవారు. పద్దు నేను రాసేవాణ్ణి. కిరసనాయిలు సగమే వచ్చిన రోజు, “లేనిది ఉందని బోర్డు మీద రాస్తే రేపు ఉన్నదీ నమ్మరురా” అనేవారు. వూల్టన్‌దీ అదే లెక్క. కచ్చితంగా ఇవ్వగలిగిన సరుకుకే రేషన్. యుద్ధం నడిచినన్నాళ్లూ రొట్టె, బంగాళాదుంపలు కార్డు మీదకి ఎక్కలేదు. రొట్టెకి రేషన్ వచ్చింది 1946లో, యుద్ధం అయిపోయాక, వేరే ప్రభుత్వంలో! డబ్బా సరుకులకి 1941 డిసెంబరు నుంచి పాయింట్లు పెట్టారు. ఉన్న పాయింట్లతో ఏం కొనుక్కోవాలో ఇల్లాలి ఇష్టం. కొట్లో కూర్చున్నవాడికి నచ్చే పద్ధతి ఇది.

‘పై’ అంటారా, సావోయ్ హోటల్ వంటమాస్టరు చేసిన కూరగాయల వంటకం. బంగాళాదుంప, క్యారెట్, ఓట్స్, పైన పిండి పొర. మాంసం లేదు. పక్కన ఆవకాయ లేకుండా ఎలా తిన్నారో!

ఒకటి మాత్రం దాచకూడదు. అక్కడ కార్డు మీద తిండి అందుతున్న 1943లోనే, వాళ్ల ఏలుబడిలోని బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. అది ఆయన శాఖ కాదు, నిజమే. కానీ రెండూ ఒకే ప్రభుత్వం పద్దులు కదా.

1945 ఎన్నికల్లో ప్రధాని చర్చిల్ ఓడిపోయాక, వూల్టన్ ఆయన పార్టీ అయిన కన్జర్వేటివ్ పార్టీలో చేరారు. 1946 నుంచి 1955 దాకా పార్టీ ఛైర్మన్. పది లక్షల పౌండ్ల నిధి కావాలని అడిగి వసూలు చేశారు. ఆయన హయాంలోనే, అభ్యర్థి తన నియోజకవర్గం పార్టీకి ఏడాదికి 25 పౌండ్లకి మించి ఇవ్వకూడదని రూలు పెట్టారు. డబ్బున్నవాడు సీటు కొనుక్కోకుండా అన్నమాట. మా గోదావరి జిల్లాల్లో ఆ రూలు పెడితే టికెట్ల సీజన్లో ఎంతమందికి టెన్షనో! 1951లో ఆ పార్టీ మళ్లీ గెలిచింది.

మీ అబ్బాయికి చెప్పండి: ఆహార మంత్రిగా 1940 నుంచి 1943. పరీక్షలో అదే అడుగుతారు.