రక్తం తగ్గిందని గేటు తీయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఆడకుక్కల ఎద గురించే. అందుకని మిగతావి వచ్చే సంచికకు వదిలేసి ఈ మూడింటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్‌కి తొమ్మిది నెలలు. నాలుగు రోజుల నుంచి నేలమీద రక్తం చుక్కలు పడుతున్నాయి. మా అత్తగారు మైల అని దాన్ని మేడమీద కట్టేయమంటున్నారు. గేటు దగ్గర అప్పుడే మూడు వీధికుక్కలు కూర్చున్నాయి. ఇది ఎన్నాళ్ళుంటుంది? రక్తం ఆగిపోతే ఇక భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, అందరూ పొరపడేది అక్కడే. రక్తం తగ్గాకే అసలు భయం. ఎద మొదలైనప్పుడు మానం వాచి, రక్తం బాగా కనిపించే దశ సుమారు తొమ్మిది రోజులు. కొన్నింటికి మూడు రోజులే, కొన్నింటికి రెండు వారాలు దాటుతుంది. ఈ రోజుల్లో మగకుక్కలు వెంటపడతాయి కానీ మీది వాటిని దగ్గరికి రానివ్వదు, కరవబోతుంది కూడా. ఆ తర్వాత రక్తం పలచబడి లేత గులాబీ రంగుకో, గడ్డిరంగుకో మారుతుంది. అదిగో, అప్పుడు ఇంట్లోవాళ్ళు 'అమ్మయ్య, అయిపోయింది' అనుకుని గేటు తీస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అండాలు విడుదలై, కుక్క తోక పక్కకు తిప్పి మగదాని కోసం కదలకుండా నిలబడుతుంది. ఇది ఇంకో తొమ్మిది రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ.

అనుమానమొస్తే తెల్లటి టిష్యూ పేపర్‌తో మెల్లగా అద్ది రంగు చూడండి. పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే మొదటి చుక్క కనపడిన తేదీ దగ్గర గుర్తు పెట్టి, అక్కడినుంచి నాలుగు వారాలు లెక్కేసుకోండి. వాపు పూర్తిగా తగ్గేదాకా నాలుగు వారాలైనా సరే, గొలుసు వదలొద్దు. మళ్ళీ ఎద ఆరేడు నెలలకు రావచ్చు, కొన్నింటికి ఏడాదికోసారే. మొదటిసారి చిన్న జాతులకు ఆరు నెలలకే వస్తే, గ్రేట్‌డేన్‌ లాంటి పెద్ద జాతులకు ఏడాదిన్నర, రెండేళ్ళు కూడా పడుతుంది. ఇంకో సంగతి, మనుషులకు ముట్టు ఆగిపోయినట్టు కుక్కలకు ఎద ఆగదు. ముసలితనంలో ఆలస్యమవుతుందేగానీ ఎద వస్తూనే ఉంటుంది.

మీ అత్తగారికి చెప్పండి, ఇది నెలసరి లాంటిది కాదు. మనుషుల్లో గర్భం రానప్పుడు రక్తం పోతుంది, కుక్కల్లో గర్భానికి సిద్ధమయ్యేటప్పుడు పోతుంది. ఆవిడకు పూజగది పట్టింపు ఉంటే ఆ తలుపు వేసుకోమనండి, తప్పులేదు, కానీ మేడమీదికి మాత్రం పంపొద్దు. పక్కింటి పిట్టగోడ దూకి వచ్చే మగకుక్కలు మీరనుకునేదానికంటే ఎక్కువ. గేటు ఊచల సందులోంచి జరిగిపోయిన కేసులు కూడా నేను చూశాను. ఇంట్లో దాని తోడబుట్టిన మగది ఉంటే దాన్నీ వేరే గదిలో పెట్టాలి, వాటికి వావివరసలు లేవు.

నేల పాడవుతుందనుకుంటే పసిపిల్లల డైపర్‌కి తోక పట్టేంత రంధ్రం చేసి తొడగొచ్చు. మూడు నాలుగు గంటలకోసారి మార్చండి, లేకపోతే చర్మం ఒరుస్తుంది. డైపర్ ఉంది కదా, ఇక కడుపు రాదులే అనుకోకండి, అది నేల శుభ్రం కోసమే. వాసన పోవాలని తోకకు కర్పూరమో, జలుబు బామో రాసేవాళ్ళున్నారు, కుక్క దాన్ని నాకితే విషమెక్కుతుంది. షికారు తెల్లవారుజామునే, గొలుసుతో, పది నిమిషాలు చాలు. గేటు దగ్గర మూత్రం పోస్తే వెంటనే బకెట్ నీళ్ళు కుమ్మరించండి, ఆ మూడు కుక్కలకూ కబురు వెళ్ళేది ఆ వాసనతోనే.

చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు, మన వీధికుక్కల్లో చాలావరకు వానలు వెనకబడ్డాక, అక్టోబర్ ప్రాంతంలో ఎదకొస్తాయి, చలికాలంలో ఎక్కడ చూసినా పిల్లలే. ఇంట్లో పెరిగే మీ లాబ్రడార్‌కి మాత్రం కార్తెలతో పనిలేదు, ఏ నెలలోనైనా రావచ్చు.

ప్రశ్న: నిన్న సాయంత్రం మా ఆడకుక్కకి వీధికుక్క కట్టేసింది. ఇరవై నిమిషాలు రెండూ అతుక్కుపోయాయి. మావాళ్ళు నీళ్ళు చల్లారు, కర్రతో కొట్టారు. మందులషాపులో ఆడవాళ్ళు వేసుకునే మాత్ర వేయమన్నారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వేయకండి. మనుషుల మాత్రలు కుక్క మీద ప్రయోగించొద్దు. ఇక అతుక్కోవడం వాటికి మామూలే, మగదాని అంగం మొదలు దగ్గర ఉబ్బి లోపల బిగుసుకుంటుంది, పది నుంచి ముప్పై నిమిషాల్లో దానంతటదే వదులవుతుంది. లాగినా కొట్టినా రెండింటికీ గాయాలవుతాయి. ఈసారి అలా జరిగితే మీది బెదిరి పరిగెత్తకుండా మెడపట్టీ పట్టుకుని నిమ్మళంగా నిలబడండి, అంతే. జరగాల్సింది అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

ఆ మగకుక్క చెవి కొస కత్తిరించి ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఉంటే మున్సిపాలిటీవాళ్ళు ఆపరేషన్ చేసి వదిలిందై ఉంటుంది, ఆపరేషన్ అయినవి కూడా కట్టగలవు, కానీ వాటివల్ల కడుపు రాదు. అది చేసి కొన్ని వారాలే అయ్యుంటే మాత్రం నమ్మలేం. చూడి కట్టిందో లేదో నాలుగు వారాలకు స్కానింగ్‌లో తేలుతుంది, ఈనడానికి సుమారు 63 రోజులు. పిల్లలు వద్దనుకుంటే ఇప్పుడే పశువుల డాక్టర్‌ని కలవండి. గర్భం నిలవకుండా ఇంజెక్షన్ వేయమని పట్టుబట్టొద్దు, హార్మోన్ ఇంజెక్షన్లలో కొన్ని గర్భసంచిలో చీము పట్టిస్తాయి, ఎముక మజ్జను దెబ్బతీస్తాయి. ఇక ముందు కూడా పిల్లలు అక్కర్లేదంటే గర్భసంచి తీసేసే ఆపరేషనే మేలని నా అభిప్రాయం.

ఇంకొకటి. కొన్ని నెలలు పోయాక, ఎద కాని రోజుల్లో రక్తపు చుక్కలు పడుతుంటే 'మళ్ళీ వచ్చిందేమో' అని ఊరుకోకండి. వీధికుక్కల నుంచి కలయిక ద్వారా ఒకరకం కణితి అంటుకుంటుంది, కాలీఫ్లవర్‌లా పెరుగుతుంది. వారానికొకటి చొప్పున కొన్ని ఇంజెక్షన్లతో చాలావరకు నయమవుతుంది కాబట్టి కంగారు వద్దు, ఆలస్యమూ వద్దు. పెనుగులాటలో మీదాన్ని ఆ కుక్క కరిచి ఉంటే రేబిస్ టీకా సంగతి కూడా ఇవాళే అడగండి.

ప్రశ్న: మా పొమేరియన్‌కి ఏడేళ్ళు. నెలన్నర కిందట ఎద అయిపోయింది. వారం నుంచి గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగుతోంది, అన్నం ముట్టడంలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండల వల్లేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు అచ్చయ్యేదాకా ఆగలేదు, చదవగానే ఫోన్ చేసి ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. అనుకున్నట్టే గర్భసంచి నిండా చీము. ఎద అయిన ఒకటి రెండు నెలల్లో, ముఖ్యంగా వయసు మళ్ళిన, ఆపరేషన్ కాని కుక్కల్లో ఇది వస్తుంది. కొన్నింటికి వెనకనుంచి చీము కారి మనకు తెలుస్తుంది. దీనికి గర్భసంచి ముఖం మూసుకుపోయి చుక్క కూడా బయటికి రాలేదు, అందుకే వాళ్ళు ఎండ అనుకున్నారు. అలాంటివే ఎక్కువ ప్రమాదం, రోజుల్లో ప్రాణం పోతుంది. ఆపరేషన్ జరిగింది, నాలుగో రోజుకి పెరుగన్నం తిందట.

ఆవిడే మళ్ళీ అడిగారు, ఇంట్లో ఉన్న దీని కూతురికి కూడా ఇప్పుడే ఆపరేషన్ చేయించేద్దామా అని. అది పది రోజుల కిందటే ఎదకొచ్చింది. ఇప్పుడొద్దు, ఎదలో ఉన్నప్పుడు అక్కడి రక్తనాళాలు ఉబ్బి ఉండి ఎక్కువ రక్తం పోతుంది. ఎద ముగిసిన రెండు మూడు నెలలకు చేయించండి. ఈలోగా అది బొమ్మల్ని పోగేసుకుని పాలు ఇవ్వబోతే అది ఉత్తుత్తి చూడి. పాలు పిండొద్దు, బొమ్మలు దాచేయండి, చాలావరకు రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.