కారు మెరుపుకు 22 వేలు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 2019లో కొన్న ముదురు నీలం రంగు సెడాన్ ఉంది. ఇప్పటికి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంచుతాను. నెలకు 600 రూపాయలు తీసుకుని ఒక కుర్రాడు రోజూ తెల్లవారుజామున తుడుస్తాడు. ఈ మధ్య ఎండలో నిలిపినప్పుడు బోనెట్ మీద సాలెగూడు అల్లినట్టు సన్నని గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయి. డోర్ల కింది భాగంలో తెల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. కార్లను శుభ్రం చేసి మెరిపించే ఒక డిటెయిలింగ్ స్టూడియోలో చూపిస్తే పెయింట్ కరెక్షన్, సిరామిక్ కోటింగ్ కలిపి 22 వేలు అవుతుందని, ఐదేళ్ల వారంటీ ఇస్తామని చెప్పారు. లోపలి శుభ్రతకు మరో 3,500 అడిగారు. మా బావమరిది మాత్రం అదంతా దండగ, 500 పెట్టి వాటర్ వాష్ చేయిస్తే సరిపోతుందంటున్నాడు. ఇంకో మూడేళ్లు ఈ కారే వాడాలని అనుకుంటున్నాను. ఇది పెట్టదగ్గ ఖర్చేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీకు చెప్పిన 22 వేలలో రెండు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయి. పెయింట్ మీది గీతలను తొలగించే కరెక్షన్ ఒకటి, ఆ తరువాత దాని మీద పూసే సిరామిక్ కోటింగ్ మరొకటి. మొదటిదానికి డబ్బు పెట్టండి, రెండోదానికి మీ పరిస్థితిలో పెట్టవద్దు అన్నది నా అభిప్రాయం. అయితే ఈ రెండింటికంటే ముందు, రోజూ తెల్లవారుజామున జరుగుతున్న ఆ తుడుపు ఆగాలి. అది ఆగకపోతే 22 వేలు కాదు, 50 వేలు పెట్టినా కొద్ది నెలల్లోనే సాలెగూడు మళ్లీ అల్లుకుంటుంది.

కారు మీద మనకు కనిపించే రంగు ఒకే పొర కాదు. రేకు మీద తుప్పును ఆపే పొర, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఫ్యాక్టరీలో వేసిన ఈ పొరలన్నీ కలిపి చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లే. మనిషి తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, మీ కారు మెరుపంతా ఎంత పలుచని పొర మీద ఆధారపడి ఉందో అర్థమవుతుంది. మీరు చూస్తున్న గీతలు ఆ పొర పైభాగంలో పడినవే. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులా పడిన వేలాది సన్నగీతల్లో వెలుతురుకు అనువైన కోణంలో ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కనుక, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలు తిరిగినట్టు కనిపిస్తాయి. తెల్ల కారు మీద ఇన్ని గీతలున్నా కంటికి ఆనవు, మీ ముదురు నీలం మీద ప్రతి ఒక్కటీ తెలిసిపోతుంది.

కరెక్షన్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత అడుగు మట్టం వచ్చే వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను మిషన్‌తో అరగదీయడం. జాగ్రత్తగా చేస్తే ఒక విడతకు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు పోతాయి, మొరటుగా చేస్తే అంతకు ఎన్నో రెట్లు పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే కాబట్టి, అది మరీ పలుచబడిన చోట కొన్నేళ్లకు పెచ్చులు లేస్తుంది, అప్పుడు ఆ భాగానికి కొత్తగా పెయింట్ వేయించడం తప్ప దారి ఉండదు. అందుకే కారు మొత్తం ఆయుష్షులో ఈ పని రెండు మూడు సార్లకు మించి చేయించకూడదని నేను గట్టిగా చెబుతాను. ఏడాదికి రెండుసార్లు రబ్బింగ్, పాలిషింగ్ ఉచితమని ఆశపెట్టే ప్యాకేజీలు మీ డబ్బుతో మీ పెయింటునే అరగదీస్తాయి. మీ కారుకు ఇంతవరకు ఈ పని జరగలేదని మీ లేఖను బట్టి అనుకుంటున్నాను. అలా అయితే ఒక్కసారి, ఒక్క విడత కరెక్షన్ చేయించడానికి ఇబ్బంది లేదు.

ఇక ఆ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. రోడ్డు దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, ఇసుకలోని స్ఫటికం గాజుకంటే గట్టిది. ఆ దుమ్ము పేరుకున్న పెయింటు మీద ముందుగా నీళ్లు పోయకుండా, పది పదిహేను కార్లకు వాడిన అదే గుడ్డను అదే బకెట్‌లో ముంచి పిండి రుద్దితే, గరుకు కాగితంతో రుద్దినట్టే. ఇందులో ఆ కుర్రాడి తప్పు లేదు. తెల్లారేలోగా సెల్లార్‌లోని కార్లన్నీ ఒక్క బకెట్‌తో ముగించాల్సిన పని అతనిది. కాబట్టి అతని 600 ఆపవద్దని నా విన్నపం. ఆ డబ్బుకే అద్దాలు, మ్యాట్లు, టైర్లు శుభ్రం చేయమనండి, రేకును మాత్రం పొడిగా ముట్టవద్దని చెప్పండి. వారానికోసారి మీ ఎదుటే ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జార్చి, షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డను జాడించడానికి మరో బకెట్ పెట్టించి, పైకప్పు నుంచి కిందికి కడిగించి, మీరే కొనిచ్చిన మైక్రోఫైబర్ గుడ్డతో నీళ్లను అద్దించండి. టైర్ల దగ్గర వాడిన గుడ్డ మళ్లీ బోనెట్ మీదికి రాకూడదు. ఆ మధ్య రోజుల్లో కారు కాస్త దుమ్ముగా కనిపించినా, దుమ్ము ఊరికే ఉంటే గీత పడదు, రుద్దితేనే పడుతుంది.

డోర్ల మీది తెల్ల మచ్చలు చాలామటుకు బోరు నీళ్లవే అయి ఉండాలి. నీరు ఆవిరైపోయాక అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెయింటు మీద మిగిలిపోతాయి. తెల్ల వెనిగర్‌లో అంతే నీరు కలిపి, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాల్లో మంచి నీళ్లతో కడిగేయండి. కొత్త మచ్చలైతే ఇంట్లోనే పోతాయి. పోకపోతే అవి పొరలోకి దిగాయన్నమాట, కరెక్షన్‌లో చూసుకోవలసిందే.

సిరామిక్ కోటింగ్ మోసమని నేను అనను. సిలికా ఆధారంగా తయారైన ఆ ద్రవం ఆరిన తరువాత పెయింటును గట్టిగా పట్టుకుని ఉంటుంది, నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, పక్షి రెట్ట పడితే పెయింటును తినేలోగా కడుక్కోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. కానీ దాని మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అన్న గుర్తు పెన్సిళ్లతో గీసి చూసే పరీక్షకు సంబంధించినది, వజ్రాల గట్టిదనపు కొలమానానికి కాదు. ఇసుక రేణువు ఆ పొరను కూడా గీరుతుంది, హైవే మీద ఎగిరివచ్చిన రాయి దాన్ని దాటి రేకు దాకా వెళుతుంది. బోరు నీళ్ల మచ్చలు దాని మీద కూడా పడతాయి. ముత్యాల్లా నిలిచిన బొట్లు ఎండలో ఆరిపోతే ప్రతి బొట్టూ ఒక తెల్లటి ఉంగరాన్ని విడిచిపోతుంది. కారును రోజంతా చెట్టు కిందో ఎండలోనో నిలుపుతూ, ఎనిమిదేళ్లు వాడదలచి, సొంత చేతులతో కడుక్కునేవారికి ఆ ఖర్చు అర్థవంతమే. సెల్లార్ నీడలో ఉండే, మూడేళ్లలో మారబోయే మీ కారుకు ఐదేళ్ల వారంటీ ఎందుకు కొనాలి? పైగా ఇలాంటి వారంటీల్లో చాలావాటికి ఏటా వారి దగ్గరే డబ్బిచ్చి మెయింటెనెన్స్ చేయించాలన్న షరతు ఉంటుంది. మీకిచ్చే కాగితంలో ఆ షరతును, ఏటా అయ్యే మొత్తాన్ని చదవకుండా అడ్వాన్స్ ఇవ్వవద్దు.

స్టూడియోను ఎలా అంచనా వేయాలన్నది ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే మీరు డబ్బిచ్చేది సీసాలోని రసాయనానికి కాదు, మిషన్ పట్టుకున్న మనిషి చేతికి, అతను వెచ్చించే గంటలకు. ముందుగా పెయింటు మందం కొలిచే మీటర్‌తో ప్రతి డోరును, బోనెట్‌ను, పైకప్పును కొలిచి చూపించమనండి. మీటర్ లేదన్నారంటే ఎంత పొర ఉందో తెలియకుండానే అరగదీస్తారన్నమాట, అక్కడి నుంచి వచ్చేయండి. ఏదైనా డోరు మిగతావాటికంటే చాలా ఎక్కువ అంకె చూపితే అది గతంలో మళ్లీ పెయింట్ పడినదై ఉండవచ్చు, ఆ సంగతి వారికి ముందే తెలిసి ఉండడం మంచిది. తరువాత బోనెట్ మీద అడుగు మేర చోటును మాత్రమే చేసి చూపించమని అడగండి. పని తెలిసినవారు ఇందుకు సంతోషంగా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఏ ప్యాడ్, ఏ పాలిష్ సరిపోతాయో వారికీ అప్పుడే తెలుస్తుంది. ఆ చోటును నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించి, ఎండలోకి తెచ్చి చూడండి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు, మైనాలు గీతల్లో నిండి వాటిని కప్పేస్తాయి. రెండు మూడు వాష్‌లకు అవి కొట్టుకుపోయి గీతలన్నీ మళ్లీ బయటపడతాయి. ఆల్కహాల్‌తో తుడిచాక కూడా గీతలు కనిపించకపోతే అది నిజమైన కరెక్షన్.

ఈ పరీక్ష నేను అనుభవంతో నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట నా నల్ల కారును రెండు గంటల్లో చేసి ఇస్తామన్న ఒక షాపులో ఇచ్చాను. ట్యూబ్‌లైట్ కింద అద్దంలా మెరిసింది. మర్నాడు ఎండలో చూస్తే బోనెట్ అంతటా మిషన్ తిరిగిన పొగమంచు లాంటి చారలు, డోరు అంచున ఒకచోట రంగు కాలిన మచ్చ ఉన్నాయి. వేగంగా ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ మిషన్‌తో అంచుల మీద ఆగకుండా రుద్దితే జరిగేది అదే. ఊగుతూ తిరిగే డ్యుయల్ యాక్షన్ మిషన్‌లో ఆ ప్రమాదం చాలా తక్కువ, కనుక మీ కారుకు ఏ మిషన్ వాడతారో అడగండి. సెడాన్‌కు ఒక్క విడత కరెక్షన్ సవ్యంగా చేయాలంటే కడగడం, పెయింటుకు అంటుకున్న మురికిని లాగే క్లే ముద్ద పట్టించడం, ప్లాస్టిక్ అంచులకు టేపు వేయడంతో కలిపి ఒక పూర్తి రోజు పడుతుంది. అంతకంటే చాలా తక్కువ సమయం చెప్పినవారు ఏదో ఒక మెట్టు దాటవేస్తున్నారు. గోరు పెట్టి గీస్తే గోరుకు తగిలేంత లోతైన గీతలను మాత్రం ఎవరూ పాలిష్‌తో తీయలేరు. తీస్తామంటే నమ్మవద్దు.

లోపలి పనికి అడిగిన 3,500 మాట. సీట్ల మీద పాలో, కూరో ఒలికి వాసన నిలిచిపోయినా, ఇంట్లో దుమ్ము పడని వారున్నా ఆ ఖర్చు ఇవ్వదగినదే, ఎందుకంటే గుడ్డ సీట్లలో షాంపూ పట్టించి తిరిగి లాగేసే మిషన్ మన ఇళ్లలో ఉండదు. అవేవీ లేకపోతే మంచి వాక్యూమ్, తడిగుడ్డ చాలు. ఏసీ వేసినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తోందంటే దానికి సెంటు కొట్టించుకోవద్దు, ముందుగా క్యాబిన్ ఫిల్టర్ మార్పించండి. చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. స్టీరింగ్‌కు, పెడల్స్‌కు మెరుపు పాలిష్ పూయనివ్వవద్దు, చేయి, కాలు జారతాయి. ఇంజిన్ బేలోకి ప్రెషర్‌తో నీళ్లు కొట్టడానికి కూడా ఒప్పుకోవద్దు.

హెడ్‌లైట్లు పసుపుబారాయేమో కూడా చూసుకోండి. వాటి మీది పాలికార్బొనేట్ ప్లాస్టిక్ కవరును రుద్ది, ఎండను ఆపే పూత మళ్లీ వేయించడానికి పెట్టే డబ్బు మిగతా అన్ని ఖర్చులకంటే ముందు వరుసలోది, రాత్రి ప్రయాణంలో దారి కనిపించడానికి సంబంధించినది కాబట్టి. పూత వేయకుండా రుద్ది వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది.

మీ బావమరిదిగారి మాటలో సగం నిజముంది. కారు నడకకు వీటిలో చాలావరకు అక్కర్లేదు, తుప్పు పట్టని రేకుకు గీతల వల్ల వచ్చే నష్టమూ లేదు. కానీ వాటర్ వాష్ మురికిని తీస్తుందే తప్ప గీతను తీయదు, పది కార్లకు ఒకే స్పాంజి వాడే చోట కొత్త గీతలు కూడా పెడుతుంది. కాబట్టి కోటింగ్ లేకుండా, ఒక్క విడత కరెక్షన్‌కు, దాని మీద ఆరు నెలలు నిలిచే మామూలు రక్షణ పూత అయిన సీలెంట్‌కు ఎంత తీసుకుంటారో అదే స్టూడియోను అడగండి. చెప్పిన అంకె 22 వేలలో సగానికి మించకపోతే, మీటర్, ఆల్కహాల్ పరీక్షలకు వారు ఒప్పుకుంటే చేయించండి. ఒప్పుకోకపోతే ముందు తుడుపు పద్ధతి మార్చి, మరో చోటు వెతకండి, తొందరేమీ లేదు.

ప్రశ్న: వచ్చే నెల మాకు కొత్త కారు వస్తోంది. షోరూమ్‌లో టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఇంటీరియర్ ప్రొటెక్షన్ కలిపి 14 వేల ప్యాకేజీ తీసుకోమంటున్నారు. మా ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి తప్పనిసరి అంటున్నారు. తీసుకోవాలా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పనిసరి కాదమ్మా. టెఫ్లాన్ పేరుతో చేసేది కొన్ని నెలలు నిలిచే పాలిష్ పూత, దాన్ని మంచి మైనంతో మీరే ఇంట్లో చేసుకోవచ్చు. ఉప్పుగాలి సంగతి మాత్రం నిజమే. అయితే ఇప్పటి కార్ల రేకుకు ఫ్యాక్టరీలోనే తుప్పును ఆపే పూతలు వేసి పంపుతారు. దాని మీద అండర్‌బాడీ కోటింగ్ అనే నల్లటి పూతను అజాగ్రత్తగా కొడితే డోర్ల కింద నీరు కారిపోవడానికి ఉంచిన రంధ్రాలు మూసుకుపోయి, ఆగిన నీటి వల్లే తుప్పు మొదలవుతుంది. నెలకు రెండుసార్లు మంచి నీళ్లతో కారు అడుగు భాగాన్ని కడిగించండి. బీచ్ రోడ్డు మీద ఎక్కువగా తిరిగే రోజుల్లో వారానికోసారి కడిగించండి. అండర్‌బాడీ కోటింగ్ కావాలనే అనిపిస్తే దాన్ని ఒక్కదాన్నే తీసుకుని, రంధ్రాలకు టేపు వేసి చేస్తారా అని అడిగి, లిఫ్ట్ మీద ఎత్తినప్పుడు మీ కళ్లతో చూడండి. మిగిలిన డబ్బులో కొంత డోరు హ్యాండిళ్ల లోతుల్లో, డోరు అంచుల మీద, డిక్కీ దగ్గర సామాను రాసుకునే చోట పీపీఎఫ్ అనే, పెయింటును కాపాడే ఫిల్మ్ ముక్కలు అతికించడానికి పెట్టండి. సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ఆ పాలియురెథేన్ ఫిల్మ్ గోటి గీతలను, రాళ్ల దెబ్బలను నిజంగానే ఆపుతుంది. కారు మొత్తానికి అది లక్షకు చేరే ఖర్చు, ఆ కాసిని చోట్లకైతే కొద్ది వేలలో అయిపోతుంది. డెలివరీ రోజుకు ముందు కారును కడిగి మెరిపించవద్దని, దుమ్ముతోనే ఇవ్వమని షోరూమ్‌లో రాతపూర్వకంగా చెప్పండి. కొత్త కార్లకు పడే మొదటి గీతలు చాలాసార్లు ఆ హడావిడి కడుగుడులోనే పడతాయి.