ఎన్నారై సందేహాలు: హీటర్ దగ్గర వాసనేమీ రావట్లేదు, ఫర్వాలేదా?

సంక్రాంతికి పాలకొల్లు వచ్చినప్పుడు మా వీధిలో ఒక బాబాయి గారు అడిగారు. "మావాడు డెట్రాయిట్ దగ్గర పాత ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్నాడండీ. వాడి గది పక్కనే గ్యాస్ హీటర్ ఉందంట. వాసనా గీసనా ఏం రావట్లేదంటున్నాడు. ఫర్వాలేదు కదా?" ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఆగస్టులో చదువులకి వెళ్లే పిల్లలకీ, కూతుళ్ల పురుళ్లకి వెళ్లే అమ్మలకీ ఇది తెలిసి తీరాలి.

వాసన రావట్లేదని ధైర్యంగా ఉండకూడదండీ. మన వంటింటి సిలిండర్ గ్యాస్‌కి సహజంగా పెద్ద వాసన ఉండదు. లీకైతే తెలియాలని కావాలనే ఆ ఘాటు వాసన కలుపుతారు. అమెరికాలో పైపులో వచ్చే గ్యాస్‌కీ అంతే. కానీ ఆ వాసన కాలని గ్యాస్‌ది. గ్యాస్ సరిగ్గా కాలనప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోకి వెళ్లి, ఆక్సిజన్ ఎక్కాల్సిన చోట తానెక్కి కూర్చుంటుంది. మన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో కొంచెం ఉన్నా చాలు. అగ్నిప్రమాదాల లెక్క వదిలేసినా, అమెరికాలో ఏటా 400 మందికి పైగా దీనివల్ల చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎమర్జెన్సీకి వెళ్లేవాళ్లు లక్షకి పైనే.

మన వైపు పాడుబడ్డ నూతిలోకి దిగేముందు లాంతరు దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు. ఈ గ్యాస్‌కి ఆ లాంతరు కూడా పనికిరాదు. మనిషి ప్రాణం తీసేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. కనిపెట్టగలిగేది అలారం ఒక్కటే.

ముందు మీ ఇంటి హీటర్ దేంతో నడుస్తుందో ఓనర్‌ని అడగండి. పూర్తిగా కరెంటుదైతే దాన్నుంచి ఈ గ్యాస్ రాదు. గ్యాస్, ఆయిల్, కట్టెలు, ఏది కాలినా రావచ్చు. గ్యాస్ ఫర్నేస్‌లో, అంటే ఇల్లంతా వెచ్చబరిచే పెద్ద హీటర్‌లో, మంట ఒక ఇనుప అర లోపల మండుతుంది. ఇంట్లోకి వచ్చే గాలి ఆ అర బయటి నుంచి వేడెక్కి వస్తుంది, కాలిన గాలి వేరే గొట్టంలోంచి ఇంటి బయటకి పోతుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఆ ఇనుప అర పగలొచ్చు, గొట్టం అతుకు ఊడొచ్చు, పొగగొట్టంలో పక్షులు గూడు పెట్టొచ్చు. కొత్త రకం ఫర్నేసులకి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు గోడలోంచి బయటకి వస్తాయి. రాత్రి మంచు బాగా కురిస్తే అవి పూడిపోతాయి. తెల్లారి కారు మీద మంచు దులిపేముందు ఆ గొట్టాల ముందు మంచు తీయండి. నీళ్ల హీటర్ కూడా గ్యాస్‌దే అయితే దాని గొట్టం సంగతీ చూడాలి.

మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. చేపల పులుసు పెట్టినప్పుడు వాసన పోవాలని వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెద్దగా పెట్టి, చలికి కిటికీలన్నీ బిగించేస్తాం. ఫ్యాన్ బయటకి తోసిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. పాత రకం గ్యాస్ నీళ్ల హీటరైతే దాని పొగగొట్టంలోంచే, కాలిన గాలితో సహా వెనక్కి రావచ్చు. ఫ్యాన్ వేసినప్పుడు ఒక కిటికీ వేలెడంతైనా తెరిచి ఉంచండి.

మంట రంగు గురించి మన అమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొయ్యి మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తే, గిన్నె అడుగు నల్లబడితే, బర్నర్ శుభ్రం చేయాలని వాళ్లకి తెలుసు. ఇక్కడా అదే గుర్తు. ఫర్నేస్ చుట్టూ మసి, గొట్టం మీద తుప్పు చారలు కనిపిస్తే ఓనర్‌కి ఆ రోజే మెసేజ్ పెట్టండి, ఫోటో తీసి పెట్టండి. కానీ మంట నీలంగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ఏటా చలి మొదలవ్వకముందే మెకానిక్ చేత చూపించాల్సిందే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసే సంగతి. పురుడు పోయడానికి వచ్చిన అమ్మ చంటిపిల్లకి స్నానం చేయించి సాంబ్రాణి వేయాలంటుంది. కోనసీమలో కొబ్బరి చిప్పలు కాల్చి ఆ నిప్పుల మీద వేస్తారు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇళ్లూ ఉండేవి. అలా చేసినా అందరూ బాగానే ఉన్నారంటే ఇళ్లు అలాంటివి కాబట్టి. పెంకుల సందులు, మండువా మీద ఆకాశం, మూయని తలుపులు. చలిదేశంలో ఇల్లు చలిగాలి దూరకుండా బిగించి కడతారు. అక్కడ నిప్పులు పెట్టిన గది కొద్దిసేపట్లోనే విషపు గది అవుతుంది. బొగ్గు నిప్పుకి పొగ కనిపించదు కాబట్టి మంచిదనుకుంటారు. ఈ గ్యాస్ ఎక్కువగా వచ్చేది దాని నుంచే. గర్భిణికి, కడుపులో బిడ్డకి ఇది మరీ ప్రమాదం, బిడ్డ రక్తంలోంచి ఇది నెమ్మదిగా పోతుంది. అమ్మని నొప్పించకుండా, ముందే ఊళ్లో ఉండగానే చెప్పండి. సాంబ్రాణి మానేద్దాం, బిడ్డ తల మెత్తటి తువ్వాలుతో ఆరబెడదాం అనండి.

బయట చలిగా ఉందని బార్బెక్యూ గ్రిల్ గ్యారేజీలోకి తేవడం, గదులు వెచ్చబడాలని గ్యాస్ అవెన్ తలుపు తెరిచి పెట్టడం కూడా అంతే ప్రమాదం. కారు వేడెక్కాలని గ్యారేజీలో ఆన్ చేసి ఉంచొద్దు, షట్టర్ ఎత్తి ఉన్నా సరే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు జనం సరిగ్గా ఈ పనులే చేశారు, చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. 1996 తుఫాను చూసిన మనకి చీకట్లో రోజులు గడపడం తెలుసు. కానీ జనరేటర్ వరండాలో పెట్టే అలవాటు అక్కడికి తీసుకెళ్లకూడదు. తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి.

అలారం దగ్గరికి వస్తే, పైకప్పుకి ఉన్న ఆ గుండ్రటి డబ్బా పొగ అలారం మాత్రమే కావచ్చు. వెనక తిప్పి కార్బన్ మోనాక్సైడ్ అని రాసుందో లేదో చూడండి. లేకపోతే మీ డబ్బుతోనైనా కొనండి. పడకగదుల బయట, ప్రతి అంతస్తులోనూ ఒకటి ఉండాలి. దానికీ గడువుంటుంది, తారీకు వెనకే ఉంటుంది. మూడేసి సార్లు మోగితే పొగ, నాలుగేసి సార్లు మోగితే ఈ గ్యాస్. ఎప్పుడో ఒకసారి కిచ్‌మంటే బ్యాటరీ అయిపోవచ్చిందనో, గడువు తీరిందనో అర్థం. పోపు వేసినప్పుడల్లా అరుస్తోందని బ్యాటరీ తీసేసిన తెలుగు ఇళ్లు చాలా చూశాను. రెండూ ఒకే డబ్బాలో ఉంటే, పోపు కోసం మీరు తీసేసింది ఇంట్లో అందరి ప్రాణాలకీ ఉన్న ఒక్క కాపలాని. నోరు నొక్కే బటన్ దానికే ఉంటుంది, అది నొక్కండి చాలు.

విదేశంలో మేముండే చోట పక్క వీధిలో రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి రోజూ పొద్దున్నే తలనొప్పి, వికారం. జ్వరం లేదు. ప్రయాణం బడలిక అన్నారు, బీపీ అన్నారు, నీళ్లు పడలేదన్నారు. శనివారం గుడికి వెళితే మాత్రం మధ్యాహ్నానికి హాయిగా ఉండేది. ఆఫీసుకి వెళ్లే అల్లుడికి ఏమీ లేదు, ఇంట్లోనే ఉండే పెద్దాయనకీ కాస్త తల తిరిగేది. ఇంట్లో ఎక్కువసేపు ఉన్నవాళ్లకే బాగోలేదని గమనించింది కూతురు. ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే వాళ్లు మీటరు తెచ్చి చూశారు. ఫర్నేస్ గొట్టం అతుకు దగ్గర ఊడి ఉంది. ఇలా ఇంట్లో ఉన్నప్పుడు బాగోక, బయటకెళితే తేరుకుంటుంటే ఆలోచించకుండా ఇల్లు ఖాళీ చేయండి.

కోవిడ్ తర్వాత అందరి ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. దాన్ని నమ్మకండి. ఈ గ్యాస్ ఎక్కిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తమే అనుకుని 98 చూపిస్తుంది. ఆసుపత్రిలో కార్బన్ మోనాక్సైడ్ అనుమానం అని నోరు తెరిచి చెప్పి రక్తపరీక్ష అడగండి. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే చాలా తొందరగా బయటకి పోతుంది.

ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లకి చట్టం అండగా ఉంది. అద్దె ఇంట్లో గ్యాస్ పరికరాలన్నీ గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో ఉన్న ఇంజనీర్ చేత ఓనర్ ఏటా చూపించి, ఆ కాగితం మీకు ఇవ్వాలి. 2022 అక్టోబర్ 1 నుంచి గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో అలారం కూడా ఆయనే పెట్టాలి. అక్కడ గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999.

అలారం మోగితే కిటికీలు తెరుస్తూ, సామాన్లు సర్దుతూ ఉండిపోవద్దు. కోటు తగిలించుకుని, పిల్లల్ని ఎత్తుకుని అందరూ బయటకి రండి, అమెరికాలో అయితే బయట నుంచి 911కి ఫోన్ చేయండి. దీనికీ మీ వీసాకీ ఏ సంబంధం లేదు. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకి ఈ మాట ముందే చెప్పి, ఇంటి అడ్రస్ తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీదా, అమ్మ పర్సులోనూ పెట్టండి. ఫైర్ వాళ్లు మీటరు పెట్టి చూసి లోపలికి వెళ్లొచ్చనేదాకా, మెకానిక్ బాగుచేసి కాగితం ఇచ్చేదాకా, ఆ రాత్రి తెలిసినవాళ్లింట్లో పడుకోండి. తెలుగువాళ్లెవరైనా తలుపు తీస్తారు.