బుజ్జీ, ఆ సాస్ సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు

ఒరేయ్ బుజ్జీ,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది, శనివారం నీ రూమ్‌కి ఫ్రెండ్స్ నలుగురు వస్తున్నారంట, నువ్వే పాస్తా చేసిపెడతానన్నావంట, టమాటా సాస్ సీసా కూడా కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నావంట. స్టవ్ వెలిగించడానికి భయపడే పిల్లాడు నలుగురికి వండిపెట్టేంత వాడయ్యాడని ఎంత మురిసిపోయానో చెప్పలేను, కానీ ఫ్రిజ్ మాట వినగానే గుండె గుబేలుమంది. సీల్ తియ్యని సీసాకి ఫ్రిజ్ అక్కర్లేదు నాన్నా, షాపులో బయట అరలో ఉన్నదేగా నువ్వు తెచ్చింది. చదవడం ఆపి ముందు లేచి బయట పెట్టి రా. ఎందుకో చెప్తా.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. మూత మధ్యలో వేలితో నొక్కి చూడు, లోపలికి అణిగి గట్టిగా ఉండాలి, టిక్కుటిక్కుమని పైకీ కిందకీ ఆడిందంటే ఆ సీసా వాడకు. మొదటిసారి తీసేటప్పుడు టప్‌మనాలి, లోపల గాలి లేకుండా సీల్ చేస్తారు కాబట్టి బయటి గాలి ఒక్కసారిగా దూరే చప్పుడది. మూత రాకపోతే స్పూన్ కాడ అంచు కింద దూర్చి కొంచెం ఎత్తు, గాలి దూరగానే తేలిగ్గా తిరుగుతుంది. కత్తితో పొడవకు, సీసాని గట్టుకేసి కొట్టకు.

గిన్నె అడుగు మందంగా ఉండే స్టీల్‌ది తీసుకో, కోటింగ్ లేని అల్యూమినియం, ఇనుము వద్దు, టమాటా పులుపుకి లోహం రుచి వచ్చేస్తుంది. సెగ సన్నగా పెట్టు. సాస్ చిక్కగా ఉంటుంది కదా, అడుగున పుట్టిన ఆవిరి పైకి రావడానికి దారిలేక పెద్ద బుడగై ఒక్కసారి పేలుతుంది, ముంజేతి మీద పడితే చురుక్కుమంటుంది, అందుకే మూత ఓరగా పెట్టి మధ్యమధ్యలో అడుగు దాకా గరిటె పెట్టి తిప్పు. అంచుల్లోనే కాదు, మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా ఉంచు. ఎప్పుడన్నా క్రీమ్ సాస్ తెచ్చుకుంటే మాత్రం మరగనివ్వకు, విరిగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్ళలో ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నీకు మూడేళ్ళప్పుడు మీ అమ్మకి ఒంట్లో బాగోక వారం రోజులు నువ్వు నా దగ్గరే ఉన్నావ్. ఒకరోజు ఆఫీసు నుంచి ఆలస్యమైంది, నువ్వేమో ఆకలని ఒకటే ఏడుపు, పాస్తా ఉడికిపోయింది, ఫ్రిజ్‌లో సగం వాడిన సాస్ సీసా ఉంది. ఇంకో గిన్నె ఎవరు తోముతారులే అని స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెలో ఆ చల్లటి సీసాని అలాగే నిలబెట్టేశా. రెండు క్షణాలు కూడా కాలేదు, ఎవరో గోటితో మీటినట్టు టింగ్‌మంది, అంతే, పెద్ద చప్పుడేం కాదు. సీసా నిలబడే ఉంది, ఏం కాలేదనుకున్నా. గుడ్డతో పట్టుకుని ఎత్తితే అడుగు మాత్రం గుండ్రంగా, కంపాస్‌తో గీసినట్టు తెగి నీళ్ళలోనే ఉండిపోయింది.

అక్కడితో పారేసి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదురా. పగిలింది అడుగే కదా, పైన అతుక్కున్న సాస్ శుభ్రంగానే ఉంది కదా అనుకుని, దాన్ని గరిటెతో తీసి నీ పాస్తాలో కలిపి నీ ముందు పెట్టా. నువ్వు స్పూన్ నింపుకున్నావ్, నోటి దాకా తెచ్చావ్, అప్పుడు లైటు వెలుతురులో ఏదో తళుక్కుమంది. నూనె చుక్కేమో అనుకుని వేలితో తాకితే గట్టిగా తగిలింది. గోరు ముక్కంత గాజు పెంకు, సాస్ అంటుకుని ఎర్రగా, ఆ తళుకు లేకపోతే కనపడేదే కాదు. స్పూన్ లాక్కున్నానని నువ్వు నన్ను కొట్టి గుక్కపట్టి ఏడ్చావ్. ఆ రాత్రి పాలూ బ్రెడ్డూ తిని నా ఒళ్ళోనే పడుకున్నావ్, నాకు మాత్రం తెల్లారేదాకా కన్ను అంటలేదు.

గాజులో వేడి త్వరగా పాకదు నాన్నా, వేడి తగిలిన పక్క సాగుతుంది, ఇంకో పక్క ఇంకా చల్లగా బిగుసుకునే ఉంటుంది, ఆ లాగులాటకి పగులుతుంది. కాబట్టి సీసా స్టవ్ మీదకీ వెళ్ళకూడదు, మరిగే నీళ్ళలోకీ వెళ్ళకూడదు. ఎప్పుడన్నా పగిలిందా, వడకట్టి వాడదామని చూడకు, సన్నటి పెంకులు జల్లెడలోంచి కూడా జారిపోతాయి, మొత్తం పారెయ్. మైక్రోవేవ్‌లోకి కూడా సీసా వద్దు, మూతతో అసలే వద్దు, రేకు మూతకి నిప్పురవ్వలు లేస్తాయి, లోపలి ఆవిరికి సీసా పేలుతుంది. మైక్రోవేవ్‌కి పనికొచ్చే బౌల్‌లో సగం దాకా పోసి, పైన పేపర్ టవల్ కప్పి, అర నిమిషానికోసారి ఆపి కలుపు, లేకపోతే ఒకచోట సలసల కాగి ఇంకోచోట చల్లగానే ఉంటుంది.

పాస్తా వార్చేముందు ఆ నీళ్ళు ఒక కప్పు తీసి ఉంచుకో, అందులో పిండి ఉంటుంది, సాస్‌లో కొంచెం పోసి పాస్తా కూడా అదే గిన్నెలో వేసి ఒక నిమిషం తిప్పితే సాస్ చక్కగా పట్టుకుంటుంది. ఉప్పు రుచి చూశాకే వెయ్యి, సాస్‌లో ముందే ఉంటుంది. సీసాకి అంటుకున్నది రావడానికి చాలామంది ఆ వేడి నీళ్ళే పోసి ఊపుతారు, నువ్వు మాత్రం కొళాయి నీళ్ళు పొయ్యి, నా మాట విను.

మిగిలితే రెండు గంటల్లోపు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్, వేడివేడి సాస్ మళ్ళీ ఆ సీసాలో పొయ్యకు. మూడు నాలుగు రోజుల్లో తినెయ్, తినే ముందు బాగా కాగాలి, థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినడాలు వద్దు.

శనివారం సాయంత్రం ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటా. ఎలా కుదిరిందో తీరిగ్గా తర్వాత చెప్దువుగాని, మూత టప్‌మందా లేదా అన్నది మాత్రం వెంటనే మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ