నీటిలో లీటరుకు ఒక్క మైక్రోగ్రాము ఫినాల్ అనే రసాయనం ఉన్నా హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో కలిసిన పదార్థాలను విడదీసి చూపే మెషీన్) పట్టుకోగలదా?

పట్టుకోగలదు, కానీ కుళాయి నీళ్లను నేరుగా మెషీన్‌లోకి ఎక్కిస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు, ముందు ఆ ఫినాల్‌ను కాస్త చిక్కబరచాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దే లీటరుకు 0.001 మిల్లీగ్రాము (వేరే నీళ్లు దొరక్కపోతే 0.002), మెషీన్‌లోకి వెళ్లేదేమో మామూలుగా 20 మైక్రోలీటర్లు, అంటే అర చుక్క కూడా కాదు.

ఉదాహరణకు అర లీటరు నీటికి ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 దాకా దించి, వేలెడంత గొట్టంలో కూరిన పాలిమర్ పొడి గుండా మెల్లగా పంపితే ఫినాల్, దాని కుటుంబపు రసాయనాలు ఆ పొడికి అతుక్కుంటాయి. వాటిని ఒక మిల్లీలీటరు మిథనాల్‌తో కడిగి దించితే, ఏమీ పోకపోతే, గాఢత 500 రెట్లు! ఆ తర్వాత మెషీన్‌లో పదార్థాలను విడదీసే గొట్టం, అంటే సీ18 కాలమ్‌లో, ఫినాల్ ముందుగా, అదే కుటుంబపు పెంటాక్లోరోఫినాల్ బాగా ఆలస్యంగా బయటికొస్తాయి, అతినీలలోహిత కాంతితో వాటిని గుర్తించే యూవీ డిటెక్టర్ ఒక్కోదానికీ గ్రాఫ్‌లో ఒక్కో పీక్ (శిఖరం) గీస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే, పీక్ రాగానే మెషీన్ పేరు చెప్పేసిందనుకుంటారు. అది చెప్పేది టైమ్ మాత్రమే. స్వచ్ఛమైన ఫినాల్ కూడా అదే నిమిషానికి వస్తోందా అని పోల్చి చూడాలి, అప్పటికీ ఇంకేదో పదార్థం సరిగ్గా అప్పుడే వచ్చి ఉండొచ్చు, అనుమానముంటే అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో సరిచూసుకోవాల్సిందే.